పొద్దు కుంగేలోపు ఊరు విడిచే బస్సు

ఆ రోజు పొద్దున మైకమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. వంట తొందరగా ముగించుకోవడం, గొంతుకు కాసిని వేడినీళ్ళు పట్టించడం, బస్టాండుకు వెళ్ళి మైకు ముందు కూర్చుని నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడటం, ఉద్యోగం నిలబెట్టుకుని సాయంత్రానికి ఇంటికి రావడం. అంతే. ఇందులో పోలీసులు రావలసిన పని గానీ, బస్టాండు మేనేజరు సామాను గదిలో దూరి లోపల గడియ పెట్టుకోవలసిన అవసరం గానీ ఎవరికైనా కనిపిస్తుందా?

మైకమ్మ అంటే ఏ బస్సు ఎప్పుడు వస్తుందో, ఎక్కడ ఆగుతుందో బస్టాండు మైకులో చెప్పే ఆవిడ. ఆవిడ మొహం ఊళ్ళో సగం మందికి తెలియదు. గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు. కొట్టుకు వెళ్ళి "ఉల్లిపాయలు తాజావేనా?" అని అడిగితే చాలు, వెనక నిలబడ్డవాళ్ళు ఉలిక్కిపడి సంచులు సర్దుకునేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ నిద్రలో కలవరిస్తే పక్కింటాయన లేచి చెప్పులు వేసుకున్నాడని కూడా చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆ పక్కింటాయన ప్రయాణాల మనిషే.

అలాంటి మైకమ్మ కుర్చీకి ఎసరు వచ్చింది. ఊరి చివర పెద్దాసుపత్రి కట్టాక మన భాష రాని జనం రాకపోకలు ఎక్కువయ్యాయి. మైకులో ఇంగ్లీషు కూడా వినపడాలని పైఆఫీసు పట్టుపట్టింది. మనిషి చెప్పలేకపోతే మాట్లాడే యంత్రం ఉందట. మీట నొక్కితే చాలు, తేనెలో ముంచి తీసిన గొంతుతో అన్నీ అదే చెప్పేస్తుందట.

"నేనేం చేసేదమ్మా?" అన్నాడు మేనేజరు. పాపం, మెత్తని మనిషి. పైఆఫీసు నుంచి ఫోనొస్తే కూర్చున్నవాడు లేచి నిలబడి మాట్లాడే రకం. "పైనుంచి సారు వస్తున్నాడు. మీరు ఇంగ్లీషులో చెప్పగలిగితే సరేసరి. లేదంటే యంత్రం మీ కుర్చీలో, మీరు సామాను గదిలో."

సామాను గది అంటే ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు పెట్టే గది. తడిసిన గొడుగులు, ఒంటి చెప్పులు, ఎవరివో కట్టుడు పళ్ళు. అక్కడ మాట్లాడటానికి మనిషనేవాడు దొరకడు. మాట్లాడకుండా ఉండటమంటే మైకమ్మకు ఊపిరి బిగబట్టుకుని ఉండటమే.

ఇంట్లో ఇంగ్లీషు లేక కాదు. కోడలు బళ్ళో ఇంగ్లీషు పాఠాలు చెబుతుంది. మొదట ఆ పిల్లే నేర్పడానికి కూర్చుంది. పిల్ల బంగారమే గానీ, బడి అలవాటు ఎక్కడికి పోతుంది? అత్తగారు తడబడినప్పుడల్లా "మళ్ళీ చెప్పండి, అందరికీ వినపడేలా!" అనేది. వంటింట్లో ఉన్నది ఇద్దరే.

"అందరికీ వినపడేలా చెప్పడం నువ్వు నాకు నేర్పుతావుటే?" అని మైకమ్మ చీపురు తీసుకుని లేచిపోయింది.

అప్పుడు రంగంలోకి దిగాడు బొమ్మలాయన. బొమ్మలాయన అంటే మైకమ్మ మొగుడు. తల నెరిసేదాకా సినిమాహాల్లో బొమ్మ వేసిన మనిషి. ఆ హాల్లో పొద్దుటి ఆటకు ఎప్పుడూ పాత ఇంగ్లీషు సినిమాలే. అవి కూడా ఒకటే మాదిరివి: గుర్రాలు, తుపాకులు, టోపీలు, బోలెడంత దుమ్ము. హాలు మూసేసిన రోజు యజమాని "ఎవరికేం కావాలో తీసుకోండయ్యా" అంటే, పనివాళ్ళంతా కుర్చీలు, ఫ్యాన్లు పట్టుకుపోయారు. ఈయన ఒక్కడూ ఆ సినిమాల డిస్కులు సంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. కుర్చీ ఒక్కటైనా తేలేదని మైకమ్మ ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. ఆవిడ జీవితంలో అంత పొడుగు మౌనం అంతకు ముందూ లేదు, ఆ తరువాతా లేదు.

"ఇంగ్లీషుకు పుస్తకం ఎందుకే? బొమ్మ చూస్తే అదే వచ్చేస్తుంది," అన్నాడు బొమ్మలాయన.

"చూస్తే చెవికి వస్తుంది. అర్థం ఎలా తెలుస్తుందండీ?"

"మాట అన్నాక అవతలివాడు ఏం చేస్తాడో చూడు. వాడు చేసిందే దాని అర్థం. మెషీను గదిలో చిన్న కంతలోంచి చూసి నేను నేర్చుకున్నది అలాగే కదా."

పద్ధతి పైకి బాగానే ఉంది. తెర మీద "వాటర్" అనగానే నీళ్ళు వచ్చాయి. "కాఫీ" అనగానే కాఫీ వచ్చింది. "డోర్" అనగానే ఒకడు తలుపు తన్నుకుని లోపలికి పడ్డాడు. పడితే పడ్డాడు, తలుపు తలుపే కదా. మధ్యాహ్నాలు బియ్యం ఏరుకుంటూ చూస్తూ మైకమ్మ లెఫ్ట్, రైట్, వెయిట్, హర్రీ అన్నీ ఒంటబట్టించుకుంది. చిక్కల్లా పెద్ద మాటల దగ్గరే వచ్చింది.

ఒక సినిమాలో నల్లటోపీవాడు నడివీధిలో నిలబడి "బీ అవుట్ ఆఫ్ టౌన్ బై సన్‌డౌన్" అన్నాడు. ఎదుటివాడు గబగబా పెట్టె సర్దుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు.

"చూశావా? బండి సిద్ధంగా ఉంది, సామాను తీసుకుని ఎక్కండీ అని!" అన్నాడు బొమ్మలాయన.

"ఎంత మర్యాదగా చెప్పాడండీ! మన కండక్టర్లూ ఉన్నారు ఎందుకూ?"

ఇంకొకడు "హోల్డ్ ఇట్ రైట్ దేర్" అన్నాడు. ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. అంటే తోసుకోకండి, వరుసలో ఉండండి అని. మరొకడు "లెట్ మీ సీ దోజ్ హ్యాండ్స్" అన్నాడు. అందరూ చేతులు పైకెత్తారు. అంటే టికెట్లు చేత్తో పట్టుకుని పైకి చూపించండి అని. తరువాత గోడ మీద ఒక మనిషి బొమ్మ అంటించారు. "వాంటెడ్, డెడ్ ఆర్ అలైవ్" అన్నారు. ఊరంతా గుర్రాలెక్కి ఆ మనిషిని వెతకడానికి బయలుదేరింది.

"పాపం, తప్పిపోయాడు," అన్నాడు బొమ్మలాయన గొంతు తగ్గించి.

"ఒక్క మనిషి కోసం ఇంతమంది పనులు మానుకుని కదిలారు చూడండి! ఊరంటే అదీ!" అని మైకమ్మ కళ్ళు ఒత్తుకుంది.

మాటలు రాగానే సరిపోదన్నాడు ఆయన. చెప్పే తీరు ముఖ్యం. "గడగడా అప్పజెప్పేయకూడదు. ముందు కళ్ళు చికిలించాలి. మాటకూ మాటకూ మధ్య ఒక గాలిదుమారం లేచి వెళ్ళిపోయేంత సేపు ఆగాలి."

"మైకులో నా కళ్ళు ఎవరికి కనపడతాయండీ?"

"గొంతులో కనపడతాయే పిచ్చిదానా!"

పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకునే కోడలికి తుపాకుల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఒకసారి మాత్రం తలుపు దగ్గరికి వచ్చి, "మామయ్యా, ఇంగ్లీషు ఎవరూ ఇలా మాట్లాడరండీ," అంది.

"ఎవరూ మాట్లాడకపోతే సినిమా అంతసేపు ఎలా నడిచిందమ్మా?" అన్నాడాయన. ఆ పిల్ల మళ్ళీ పేపర్ల దగ్గరికి పోయింది. వాళ్ళను అక్కడే ఆపి ఉండవలసింది.

మైకమ్మ పరీక్ష రోజు రానే వచ్చింది. మేనేజరు కొత్త నీలం చొక్కా తొడుక్కుని, బట్టతల మెరిసేలా తుడుచుకుని నిలబడ్డాడు.

"సారుది కూడా నీలం చొక్కానేనట, ఫోనులో చెప్పారు. కలిసొస్తుందని నేనూ నీలమే వేశాను," అన్నాడు. "ఆయనకూ నాలాగే బట్టతల. చేతిలో గోధుమరంగు సంచి. యంత్రం అందులోనే తెస్తున్నాడు. మన భాష ముక్క కూడా రాదు. నేను వెళ్ళి బస్సు దగ్గర ఎదురుచూస్తాను, మీరు కానివ్వండమ్మా."

మైకు గది అద్దానికి ఎదురుగా మొదటి బల్ల మీద బొమ్మలాయన తల దువ్వుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి మీదుగా వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. మైకమ్మ ముందు మన భాషలో చెప్పింది. తరువాత కళ్ళు చికిలించింది.

"స్ట్రేంజర్స్..." గాలిదుమారం ఒకటి వెళ్ళిపోయింది. "ది బస్ ఈజ్ హియర్..." ఇంకొకటి వెళ్ళింది. "బీ అవుట్ ఆఫ్ టౌన్... బై సన్‌డౌన్."

పెద్ద పెట్టె పక్కన కూర్చున్న పరాయి ఊరి దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నువ్వేం చేశావని ఆవిడ, నువ్వేం చేశావని ఆయన. మరుక్షణం పెట్టెతో సహా బస్సులోకి దూకారు. వాళ్ళ వెనకే ఇంగ్లీషు తెలిసినవాళ్ళు. సీట్లు అయిపోతున్నాయని వాళ్ళ వెనకే తెలియనివాళ్ళు. ఈగలు తోలుకునే బస్సు కిక్కిరిసిపోయింది. డ్రైవరు అద్దంలో ఆ జనాన్ని చూసి బెదిరిపోయి బండి లాగించేశాడు. కండక్టరు క్యాంటీను దగ్గర టీ ఊదుకుంటూ చూసేసరికి బస్సు మలుపు తిరుగుతోంది. గ్లాసు చేత్తో పట్టుకునే పరుగు లంకించుకున్నాడు.

"బస్సు ఎంత తొందరగా నిండిందో!" అని మైకమ్మ మురిసిపోయింది. అద్దం అవతల నుంచి బొమ్మలాయన తల ఊపాడు.

తరువాతి బస్సుకు తోపులాట మొదలైంది. మైకమ్మ మైకు దగ్గరికి లాక్కుంది.

"ఫోక్స్... హోల్డ్ ఇట్... రైట్ దేర్."

ఇంగ్లీషు తెలిసినవాళ్ళు అడుగు గాల్లో ఉండగానే ఆగిపోయారు. తెలియనివాళ్ళు వాళ్ళను చూసి, ఏదో ప్రమాదమనుకుని వాళ్ళూ ఆగిపోయారు. ఆ బస్టాండు పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం వినలేదు. దూరంగా ఎవరివో చెప్పులు టపటపా పరుగెత్తుతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

"నౌ... లెట్ మీ సీ... దోజ్ హ్యాండ్స్."

చేతులు లేచాయి. క్యాంటీను బాబాయి టీ కెటిలుతో సహా చెయ్యెత్తాడు.

"ఏమిటి బాబాయ్ ఇది?" అన్నాడు పక్కనున్న కూలీ, తనూ ఎత్తుతూ.

"ఏమోరా. ఇవాళ్టి నుంచి కొత్త రూలేమో. అందరూ ఎత్తారు, మనకెందుకు మాట!"

ఆ బొమ్మల కొలువు మధ్య నుంచి మేనేజరు మునివేళ్ళ మీద నడుచుకుంటూ మైకు గదిలోకి వచ్చాడు. "ఏమైందమ్మా వీళ్ళకి?"

"క్రమశిక్షణండీ," అంది మైకమ్మ.

"సరే గానీ, కొంప మునిగింది! సారు బస్సు దిగాడట, దిగి మాయమైపోయాడట. నేను ముందు తలుపు దగ్గరున్నాను, ఆయన వెనక తలుపు నుంచి దిగాడేమో. ఇంగ్లీషులో పిలవండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

మైకమ్మ గుండె నిండిపోయింది. తప్పిపోయిన మనిషి! ఊరంతా కదలాలి. కళ్ళు చికిలించింది.

"వాంటెడ్... డెడ్... ఆర్ అలైవ్. బ్లూ షర్ట్... నో హెయిర్... బ్రౌన్ బ్యాగ్. హర్రీ."

కాలేజీ పిల్లలు కొందరు అది విని తెల్లబోయి, పక్కవాళ్ళకు మన భాషలో చెప్పారు. నీలం చొక్కా, బట్టతల, గోధుమరంగు సంచి. చచ్చినా బతికినా సరే, పట్టి తేవాలట! ఆ మాట బల్ల నుంచి బల్లకు పాకేసరికి దొంగ కాస్తా హంతకుడయ్యాడు, హంతకుడికి ఒక ముఠా కూడా వచ్చింది. బట్టతలలవాళ్ళు తువ్వాళ్ళు కప్పుకున్నారు. నీలం చొక్కా వేసుకున్న ముసలాయనొకడు నిలబడ్డచోటే బొత్తాలు విప్పేసుకున్నాడు. సరిగ్గా అప్పుడు మేనేజరు మైకు గది లోంచి బయటికి వచ్చాడు.

"అడుగో!" అని అరిచింది ఒకావిడ.

"నేనా? నేను ఇక్కడి మేనేజర్నమ్మా!"

"సంచీ ఏదిరా?"

"ఏ సంచీ?"

"చూశారా, ఎంత అమాయకంగా అడుగుతున్నాడో!"

జన్మలో పరుగెత్తని మేనేజరు బల్లల మీదుగా దూకి, సామాను గదిలో పడి, లోపల గడియ పెట్టుకున్నాడు. జనం తలుపు బాదుతుంటే "నేను కాదు! నేను కాదు!" అని లోపలి నుంచి గోల.

అత్తగారికి ధైర్యం చెబుదామని కోడలు ఆ రోజు బడికి సెలవు పెట్టి, భోజనం డబ్బా పట్టుకుని బస్టాండుకు బయలుదేరింది. ఆఖరి ప్రకటన ఆ పిల్ల గేటు దగ్గరుండగా వినపడింది. డబ్బా చేతిలోనే ఉంది గానీ లోపల పులుసూ అన్నమూ కలిసిపోయేంత వేగంగా వచ్చింది.

"అత్తయ్యా! మీరేమన్నారో మీకు తెలుసా?"

"తెలియకేం? సారు తప్పిపోయాడు, కాస్త వెతికిపెట్టండీ అన్నాను."

"ఆయన్ని చచ్చినా బతికినా సరే పట్టితెమ్మన్నారు! అంతకు ముందు అందర్నీ చేతులెత్తమన్నారట, పొద్దు కుంగేలోపు ఊరొదిలి పొమ్మన్నారట! బందిపోట్ల మాటలు అత్తయ్యా అవి!"

మైకమ్మ మెల్లగా తల తిప్పి అద్దం అవతలికి చూసింది. బొమ్మలాయన పైకప్పు వైపు చూస్తున్నాడు. ఎత్తిన చేతులు ఆయన ఇంకా దించలేదు.

ఆవిడ గొంతు తప్ప మరో ఆస్తి లేని మనిషి. ఆ గొంతుతోనే కుర్చీ పోగొట్టుకున్నట్టయింది.

"పోనీలేవే," అంది నీరసంగా. "ఎటూ అక్కడికే పంపుతారు కదా. సామాను గదిలో కూర్చోవడానికి కుర్చీ ఉందేమో చూసిరా."

"కుర్చీ ఉంది గానీ అత్తయ్యా, ప్రస్తుతం మేనేజరుగారు అందులో ఉన్నారు. ముందు మైకులో సారీ చెప్పండి."

"సారీనా? ఆ మాట ఏ సినిమాలోనూ ఎవరూ అనలేదే!"

ఇంతలో బయటి గేటు దగ్గర పెద్ద కేక లేచింది. జనం ఒక మనిషిని మోసుకొస్తున్నట్టే తీసుకొస్తున్నారు. ఎర్ర చొక్కా, ఒత్తయిన జుట్టు. ఆనవాలు ఒక్కటి మాత్రం కలిసింది: వాడి గుండెలకు హత్తుకుని గోధుమరంగు సంచి. "తీసుకోండి బాబూ, సంచి తీసుకోండి! చంపొద్దని ఆవిడతో చెప్పండి!" అని వాడు వలవలా ఏడుస్తున్నాడు. వాడి వెనకే చెమటలు కక్కుతూ ఒక నీలం చొక్కా బట్టతలాయన పరుగెత్తుకొచ్చి సంచిని వాటేసుకున్నాడు. వెంటనే జనం ఆయన్నీ పట్టుకుని, ఇద్దర్నీ మైకు గది ముందు నిలబెట్టారు.

ఆ బట్టతలాయనే పైఆఫీసు సారు. ఆయన ఇంగ్లీషులో గట్టిగా ఏదో అడిగాడు.

"ఇందాకటి నుంచి మైకులో మాట్లాడింది ఎవరని అడుగుతున్నారు," అంది కోడలు.

"నేను కాదు!" అన్నాడు మేనేజరు సామాను గదిలోంచి.

మైకమ్మ ముందుకు వచ్చింది. దాక్కోవడం ఆవిడ రక్తంలో లేదు. కుర్చీ పోతే పోనీ, గొంతు నాది కాదని ఎలా అంటుంది? తిన్నగా ఆయన కళ్ళలోకి చూసి, అలవాటు కొద్దీ ఒక గాలిదుమారం పోనిచ్చి, నేనే అన్నట్టు ఇంగ్లీషులో "మీ," అంది.

సారు ఆవిడ చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. ఒకటే మాటల వరద. కోడలు నోరు తెరుచుకుని విని, ఆనక అందరికీ చెప్పింది. "బస్సు దిగి తల తుడుచుకుంటుంటే సంచి ఎవడో ఎత్తుకుపోయాడట. ఆ జనంలో ఎవడని వెతకను అనుకుంటుంటే అత్తయ్య గొంతు వినపడిందట. బస్టాండంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారట. ఒక్కడు మాత్రం పరుగెడుతున్నాడట. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు, సంచి ఉండటం వల్ల వాడు ఎత్తలేదట. నీలం చొక్కా, బట్టతల అన్నది సంచి ఎవరిదో చెప్పడానికే అని సారు అనుకున్నారట. ఇక ఆఖరి మాటకు ప్రాణభయంతో వాడే జనం కాళ్ళ మీద పడ్డాడట. దొంగతనం జరిగిందని తను ఎవరికీ చెప్పకముందే మీకెలా తెలిసిందని అడుగుతున్నారు అత్తయ్యా!"

"ఏం చెప్పమంటావే?"

"ఏమీ చెప్పకండి. కళ్ళు చికిలించండి చాలు."

మైకమ్మ చికిలించింది. సారు ఇక దణ్ణం పెట్టేసేలా చూశాడు.

పోలీసులు వచ్చి ఎర్ర చొక్కావాణ్ణి తీసుకుపోయారు. మేనేజరు గడియ తీసుకుని, జుట్టు లేకపోయినా సర్దుకుంటూ బయటికి వచ్చాడు. ఎంతైనా పని పనే కాబట్టి సారు యంత్రాన్ని సంచిలోంచి తీసి, మైకు ముందు పెట్టి మీట నొక్కాడు. తియ్యని గొంతు ఏదో అంది. అప్పటికి బస్టాండు మళ్ళీ మామూలు గోలలో పడింది. దొంగ ఎలా ఏడ్చాడో ఒకరికొకరు ఆడి చూపించుకుంటున్నారు. యంత్రం మాట ఒక్కరూ వినలేదు. శబ్దం పెంచి మళ్ళీ నొక్కాడు. క్యాంటీను బాబాయి కెటిలు చప్పుడే పైన ఉంది.

సారు మైకమ్మ వైపు చూశాడు. ఆవిడ యంత్రాన్ని మోచేత్తో పక్కకు జరిపింది.

"హోల్డ్ ఇట్... రైట్ దేర్."

గోల తెగిపోయింది. సారు కూడా ఒక కాలు మీద ఆగిపోయాడు. కండక్టరు అప్పుడే గ్లాసుతో తిరిగొచ్చి గేట్లో శిలైపోయాడు. మొదటి బల్ల మీద బొమ్మలాయన లేచి నిలబడి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. కాసేపటికి బస్టాండంతా కొట్టింది.

కుర్చీ మైకమ్మకే ఉండిపోయింది. మాటలు మాత్రం కోడలు మార్చి ఇవ్వాలనీ, చెప్పే తీరు మార్చే అధికారం ఎవరికీ లేదనీ సారు తీర్మానించి వెళ్ళాడు. ఇప్పుడు మైకమ్మ "ప్లీజ్... స్టాండ్ ఇన్ లైన్" అంటుంది. ఆ ప్లీజ్‌కు, ఆ లైన్‌కు మధ్య గాలిదుమారం పోయేంతలో వరుస దానంతటదే ఏర్పడిపోతుంది. యంత్రాన్ని సారు ఇక్కడే వదిలి వెళ్ళాడు. మైకమ్మ టీ తాగేటప్పుడు "దయచేసి వేచి ఉండండి" అని ఇంగ్లీషులో చెప్పడం దాని పని.

ఆవిడ దాన్ని పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. ఎంతైనా, తన కింద చేరిన మొదటి ఉద్యోగి కదా.